చెప్పి ఆపిన పన్ను

యుద్ధానికి మా డబ్బు ఇవ్వబోమంటూ ఆదాయపు పన్నును బాహాటంగా ఆపేసిన అమెరికన్లు కొందరున్నారు. ఇళ్లు జప్తయినా, జీతాలు లాక్కున్నా, జైలుకి పంపినా వాళ్లు లెక్క దాచలేదు. ఒకప్పుడు గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతులు చేయగలిగింది వాళ్లు ఎందుకు చేయలేకపోయారు? చేయలేమని తెలిసీ ఎందుకు ఆపారు?

1959 జూన్‌లో ఒకరోజు పొద్దున్నే ఫిలడెల్ఫియాలో జువానిటా నెల్సన్ ఇంటి తలుపు తట్టారు. ఆమె స్నానపు గౌనుతోనే వచ్చి తలుపు తీశారు. తెల్లటి తువ్వాలు బట్టతో కుట్టిన కొత్త గౌను అది. వచ్చినవాళ్లు ఫెడరల్ మార్షల్స్. ఆదాయం లెక్కలు తెచ్చి చూపించమన్న ఆదేశాన్ని ఖాతరు చేయలేదు కాబట్టి అరెస్టు చేస్తున్నామన్నారు. బట్టలు మార్చుకుని తమతో నడవమన్నారు. ఆమె బట్టలూ మార్చుకోలేదు, అడుగూ వేయలేదు. మీరు చేసేది తప్పని నమ్ముతున్నప్పుడు ఆ పనికి నా కాళ్ల సాయం ఎందుకివ్వాలి అన్నది ఆమె పట్టు. చేసేది లేక బేడీలు వేసి, గౌనుతోనే మోసుకెళ్లి బండెక్కించారు.

జువానిటా, ఆమె భర్త వాలీ నెల్సన్ నల్లజాతివాళ్లు. వర్ణవివక్ష మీద ఏళ్ల తరబడి పోరాడినవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధానికి సహకరించనన్నందుకు వాలీ జైలుకి వెళ్లొచ్చారు. 1948 నుంచి ఇద్దరూ ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టడం మానేశారు. ఆ డబ్బులో పెద్ద వాటా బాంబులకీ సైన్యానికీ పోతోంది. చంపడానికి వెళ్లనన్న మనిషి చంపడానికి డబ్బు మాత్రం ఎలా పంపుతాడన్నది వాళ్ల ప్రశ్న. ఆ మాట ఇంట్లో అనుకుని ఊరుకోలేదు, బాహాటంగానే చెప్పారు.

పన్ను ఎగ్గొట్టేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉంటారు. ఈ కథ వాళ్లది కాదు. సంపాదన ఇంత, కట్టాల్సింది ఇంత, అందులో ఇంత కట్టను, కారణం ఇది, నా చిరునామా ఇది అని సంతకం చేసి ఇచ్చినవాళ్ల కథ ఇది. వాళ్లలో ఒక గాయని ఉన్నారు, ఒక ఆర్చ్‌బిషప్ ఉన్నారు, రచయితలున్నారు, కూరగాయలు పండించుకుని బతికిన దంపతులున్నారు. చాలామంది దగ్గర ప్రభుత్వం ఏదో ఒక దారిన సొమ్ము రాబట్టుకుంది. అయినా వాళ్లు ఓడిపోయారని నేను అనుకోను. ఎందుకో చెప్పాలంటే, పన్ను నిరాకరణ ఎక్కడ పారుతుందో, ఎక్కడ పారదో ముందు చూడాలి.

7 డాలర్ల 9 సెంట్లు

యుద్ధానికి పన్ను కట్టలేమన్న మాట అమెరికాలో ఆ దేశం పుట్టకముందే వినిపించింది. 1750లలో పెన్సిల్వేనియా కాలనీ యుద్ధఖర్చుకి పన్ను వేసినప్పుడు, హింసను ఒప్పుకోని క్వేకర్లలో జాన్ వుల్‌మన్ లాంటివాళ్లు ఆ పన్ను తమవల్ల కాదన్నారు. 1846 జులైలో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్లో హెన్రీ డేవిడ్ థోరోను జైల్లో పెట్టారు. ఆయన కొన్నేళ్లుగా తలపన్ను బాకీ. బానిసత్వాన్ని కాపాడుతూ, మెక్సికో మీద యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి తన డబ్బు ఇవ్వనన్నారు. జైల్లో ఉన్నది ఒక్క రాత్రే. ఆయనకి ఇష్టం లేకపోయినా ఎవరో బాకీ తీర్చేశారు. ఆ అనుభవం మీద ఆయన రాసిన వ్యాసం 1849లో అచ్చయింది. సుమారు అరవై ఏళ్ల తర్వాత అది దక్షిణాఫ్రికాలో గాంధీజీ కంట పడింది. 1907లో ఆయన దాన్ని తన 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక పాఠకులకు పరిచయం చేశారు.

థోరో ఆపింది తలపన్ను. అమెరికాలో ఆదాయపు పన్ను గట్టిగా పాతుకున్నది 1913లో, 16వ రాజ్యాంగ సవరణతో. మొదట్లో అది కలిగినవాళ్లు కట్టే పన్ను. 1939లో కూడా కట్టినవాళ్లు సుమారు 40 లక్షల మందే. రెండో ప్రపంచ యుద్ధం ఆ లెక్కను తిరగరాసింది. 1945 నాటికి కట్టేవాళ్లు 4 కోట్లు దాటారు. ఫ్యాక్టరీ కూలీ, బడిపంతులు, టైపిస్టు అందరూ ఆ పట్టీలోకి వచ్చారు. పన్ను కట్టడం దేశభక్తి అని జనానికి నచ్చజెప్పడానికి ప్రభుత్వం 1942లో వాల్ట్ డిస్నీ చేత కార్టూన్ సినిమా తీయించి, డొనాల్డ్ డక్ బాతు చేత కూడా పన్ను కట్టించింది.

అదే ఏడాది నార్త్ కరోలినాలో ఎర్నెస్ట్ బ్రామ్లీ అనే మెథడిస్టు పాస్టరు తన కారుకి అంటించాల్సిన యుద్ధ పన్ను స్టాంపు కొనలేదు. దాని వెల 7 డాలర్ల 9 సెంట్లు. అది కట్టనందుకు ఆయన 60 రోజులు జైల్లో ఉన్నారు. యుద్ధం ముగిశాక, 1948లో, ఇలాంటివాళ్లంతా కలిసి 'పీస్‌మేకర్స్' అనే బృందంగా ఏర్పడ్డారు. నెల్సన్ దంపతులు అందులోనివాళ్లే. శాంతి ఉద్యమ పెద్ద ఎ.జె. మస్టీ కూడా అప్పటి నుంచే పన్ను ఆపేశారు. ఆదాయపు పన్ను నిరాకరణ ఒక ఉద్యమంగా మొదలైంది అక్కడే.

కరణం, మునసబు తప్పుకుంటే

పన్ను నిరాకరణ అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చేది పెదనందిపాడు. సహాయ నిరాకరణ జోరు మీదున్న 1921 చివరిలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టబోమన్నారు. ముందు నిలిచినవారు పర్వతనేని వీరయ్య చౌదరి. ఆంధ్ర శివాజీ అని జనం పిలుచుకున్నది ఆయన్నే. శాంతి సేన పేరుతో వాలంటీర్లు ఊరూరా కాపు కాశారు. గ్రామోద్యోగులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు.

ఆ ఉద్యమానికి ఆయువుపట్టు ఈ రాజీనామాల్లో ఉంది. తెల్లదొరల ప్రభుత్వం ఎంత పెద్దదైనా, ఊళ్లో శిస్తు చేతికి రావాలంటే లెక్క రాసే కరణం కావాలి, వసూలు చేసే మునసబు కావాలి, కబురు మోసే తలారి కావాలి. కట్టనివాడి గొడ్డూ గోదా జప్తు చేస్తే తోలుకెళ్లే మనిషి కావాలి. వేలం వేస్తే పాట పాడేవాడు కావాలి. ఊరంతా ఒక్కమాట మీదుంటే ఈ చేతులన్నీ ఒకేసారి వెనక్కి పోతాయి. అధికారులు సైన్యాన్ని దింపి బెదిరించారు, ఉద్యోగాలు శాశ్వతంగా పోతాయన్నారు. ఉద్యమం చివరికి ఆగింది మాత్రం మరో కారణంతో. అహింసకి ఊళ్లు నిజంగా సిద్ధమయ్యాయా అని గాంధీజీకి మొదటినుంచీ సందేహమే. 1922 ఫిబ్రవరిలో చౌరీ చౌరాలో హింస జరిగాక దేశమంతటా శాసనోల్లంఘన ఆపేశారు. పెదనందిపాడూ ఆగిపోయింది. ఆరేళ్ల తర్వాత, 1928లో, అదే పద్ధతి బార్డోలీలో గెలిచింది. వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో రైతులు నిలబడితే, 22 శాతం పెంచిన శిస్తు విచారణ తర్వాత 6 శాతానికి దిగింది.

బ్రిటన్‌లో కూడా ఈ కిటుకు పనిచేసింది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1989లో స్కాట్లండులో, 1990లో ఇంగ్లండు, వేల్సుల్లో తలపన్ను పెట్టింది. కోటీశ్వరుడికీ కూలివాడికీ ఒకే లెక్క. లక్షల మంది కట్టలేదు. ఆ పన్నును స్థానిక కౌన్సిళ్లు మనిషి మనిషి దగ్గరా వసూలు చేసుకోవాలి. కోర్టులు బకాయి కేసులతో నిండిపోయాయి. 1990 నవంబరులో థాచర్ పదవి దిగిపోయారు. 1993లో ఆ పన్నే పోయింది.

శిస్తు, తలపన్ను లాంటివి ఆపితే ప్రభుత్వం చేయి నిజంగానే ఆగుతుంది. జీతం మీద ఆదాయపు పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది.

జీతం చేతికి రాకముందే

1943లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అంతవరకూ జనం ఏడాది పొడవునా సంపాదించి, మరుసటి ఏడు మార్చిలో పన్ను కట్టేవారు. కొత్త చట్టంతో యజమానే జీతంలో పన్ను కోసి ప్రభుత్వానికి పంపాలి. మన టీడీఎస్ పద్ధతే. పంట ఇంటికి చేరకముందే కళ్లంలో వాటా కొలుచుకుపోయినట్టు. ఇక్కడ రాజీనామా చేయడానికి కరణం లేడు, మునసబూ లేడు. తలుపు తట్టేవాడు లేడు కాబట్టి తలుపు తీయనని చెప్పే అవకాశమూ లేదు. పన్ను నిరాకరణ చరిత్రలో దీన్ని మించిన మలుపు లేదని నా నమ్మకం. ప్రజల నుంచి డబ్బు మాత్రమే కాదు, ఇవ్వాలా వద్దా అని ఆలోచించుకునే ఘడియను కూడా ఆ చట్టం తీసేసుకుంది.

ఈ పద్ధతిలో చేయి ఉన్నది యజమానికి ఒక్కడికే. ఆ చేయి వెనక్కి తీసిన యజమాని ఒకరున్నారు. కనెక్టికట్‌లో కేబుల్ పరికరాల ఫ్యాక్టరీ నడిపిన వివియన్ కెలెమ్స్ 1948లో తన కార్మికుల జీతాల్లో పన్ను కోయనని ప్రకటించారు. జీతం ఇవ్వకుండా తనను వసూలుదారుగా పెట్టుకునే హక్కు ప్రభుత్వానికి లేదన్నారు. ఆమె శాంతి ఉద్యమకారిణి కాదు. పెద్ద ప్రభుత్వమన్నా, భారీ పన్నులన్నా గిట్టని పారిశ్రామికవేత్త. ప్రభుత్వం ఆమె బ్యాంకు ఖాతాలోంచి సొమ్ము లాక్కుంది. ఆమె కోర్టుకెక్కి ఆ సొమ్ము రాబట్టుకున్నారు గానీ, ఆమె కోరుకున్నట్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని మాత్రం తేలలేదు.

ఉద్యోగికి మిగిలిన సందు ఒకే ఒక కాగితం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగంలో చేరిన ప్రతి తెలుగువాడికీ డబ్ల్యూ-4 ఫారం తెలుసు. చేరిన రోజే నింపాలి. దాన్ని బట్టే జీతంలో ఎంత కోయాలో కంపెనీ తేలుస్తుంది. పాత ఫారంలో, పోషించాల్సినవాళ్లు ఎక్కువమంది అని రాస్తే కోత తగ్గేది. వియత్నాం యుద్ధకాలంలో షికాగోకు చెందిన కార్ల్ మేయర్, యుద్ధంలో చస్తున్నవాళ్ల బాధ్యత కూడా మనదేనంటూ, కోతే పడనంత మందిని ఫారంలో రాయమని ప్రచారం చేశారు. తనూ రాశారు. 1971లో జైలుకి వెళ్లారు. మిసిసిపీలో నర్సుగా పనిచేసిన మార్తా ట్రాంక్విల్లి అరవై దాటిన వయసులో శాంతి సంస్థలను తన మీద ఆధారపడినవాళ్లుగా చూపించినందుకు ఆమెకు 9 నెలల జైలుశిక్ష పడింది. రాసిందే నిజం కాదు కాబట్టి ప్రభుత్వానికి అది నేరంగా చూపించడం తేలికైంది. 2020లో ఆ ఫారం రూపమే మార్చేశారు.

ఫోన్ బిల్లు దగ్గర మొదలై

వియత్నాం యుద్ధం ఈ కొద్దిమంది పట్టుదలను వేలమంది పనిగా మార్చింది. 1964 ఏప్రిల్‌లో జోన్ బయజ్ తన ఆదాయపు పన్నులో 60 శాతం కట్టనని పన్నుల శాఖకి ఉత్తరం రాశారు. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు, దేశమంతా ఆమె పాట వింటోంది. జీతగాళ్లకి లేని వెసులుబాటు గాయనికి ఉంది. ఆమె సంపాదనలో ముందుగా కోసేవాడు లేడు. దాంతో ప్రభుత్వం వసూలుకి మనిషిని పంపాల్సి వచ్చింది. కచేరీ జరిగేచోటికి వచ్చి, టికెట్ల కౌంటరు దగ్గర డబ్బు పట్టుకుపోయారు. ఆమె పదేళ్లపాటు ఆ పట్టు వదల్లేదు.

అందరూ జోన్ బయజ్‌లు కారు. సామాన్యుడికి దారి చూపింది ఫోన్ బిల్లు. 1966లో యుద్ధఖర్చు కోసమే ఫోన్ బిల్లు మీద ఫెడరల్ పన్నును 10 శాతానికి పెంచారు. యుద్ధం కోసమేనని కాంగ్రెస్‌లో దాచుకోకుండా చెప్పారు కూడా. బిల్లు కట్టేటప్పుడు ఆ పన్ను తీసేసి మిగతాది కట్టి, ఎందుకు కట్టలేదో ఒక చీటీ జతచేయడం మొదలైంది. నెలకి ఒకటి రెండు డాలర్లు. ఫోన్ కంపెనీ లైను కోయకుండా ఆ సంగతి పన్నుల శాఖకి వదిలేసేది. ఆ చిల్లర కోసం అధికారులు బ్యాంకు ఖాతాలు వెతుక్కోవాల్సి వచ్చేది. వసూలయ్యే దానికంటే వసూలు ఖర్చు ఎక్కువయ్యే చోటు ఆదాయపు పన్ను కాలంలో కూడా ఒకటి దొరికిందన్నమాట.

1968 మొదట్లో రచయితలు, సంపాదకులు 448 మంది పేర్లతో పత్రికల్లో ఒక ప్రకటన వెలువడింది. వియత్నాం కోసం ప్రెసిడెంటు జాన్సన్ ప్రతిపాదించిన 10 శాతం అదనపు పన్ను కట్టబోమన్నారు. వాళ్లలో చాలామంది, యుద్ధానికి పోతున్న వాటాగా లెక్కకట్టి, ఉన్న పన్నులో మరో 23 శాతం కూడా ఆపుతామన్నారు. జేమ్స్ బాల్డ్విన్, సూజన్ సొంటాగ్, కర్ట్ వొనెగట్, గ్లోరియా స్టైనెమ్, థామస్ పించన్ పేర్లు అందులో ఉన్నాయి. పెద్ద పత్రికలు కొన్ని ఆ ప్రకటన వేయడానికి ఒప్పుకోలేదు. సంతకం పెట్టిన ప్రతివాళ్లకీ తెలుసు, తమ డబ్బు ఆగినంత మాత్రాన ఒక్క విమానం కూడా ఆగదని. పాఠకుడి చేతికి ఒక ప్రశ్న అందితే చాలనుకున్నారు: ఈ యుద్ధానికి డబ్బు ఇస్తున్నది ఎవరు?

కోల్‌రైన్‌లో ఒక ఇల్లు

యుద్ధం ముగిశాక ఆ ప్రశ్న అణ్వాయుధాల వైపు తిరిగింది. సియాటిల్ ఆర్చ్‌బిషప్ రేమండ్ హంట్‌హౌజెన్ ఇంటికి కాస్త దూరంలోనే ట్రైడెంట్ అణు జలాంతర్గాముల స్థావరం తయారవుతోంది. 1982 జనవరిలో ఆయన తన ఆదాయపు పన్నులో సగం ఆపుతున్నానని తన సంఘస్తులకి తెలియజేశారు. మీరూ ఆపండని వాళ్లని అడగలేదు. ఆలోచించమన్నారు. పన్నుల శాఖ ఆయన జీతంలోంచి ఆ సొమ్ము రాబట్టుకుంది.

మసాచుసెట్స్ పశ్చిమాన కోల్‌రైన్ అనే చిన్న ఊళ్లో రాండీ కెహ్లర్, బెట్సీ కార్నర్ దంపతులు ఉండేవారు. వియత్నాం యుద్ధంలో సైన్యంలో చేరనన్నందుకు రాండీ దాదాపు రెండేళ్లు జైల్లో ఉన్నారు. జైలుకి వెళ్లబోయే ముందు 1969లో హేవర్‌ఫోర్డ్ కాలేజీ సభలో ఆయన మాట్లాడుతుంటే విన్నవాళ్లలో రక్షణ వ్యవహారాల నిపుణుడు డేనియల్ ఎల్స్‌బర్గ్ ఉన్నారు. తర్వాత పెంటగాన్ రహస్య పత్రాలను బయటపెట్టిన ఎల్స్‌బర్గ్, తనకు ఆ ధైర్యమిచ్చింది ఆ ప్రసంగమేనని జీవితాంతం చెప్పుకున్నారు.

1977 నుంచి ఆ దంపతులు ఫెడరల్ ఆదాయపు పన్ను ఆపేశారు. రాష్ట్రం పన్ను, ఊరి పన్ను కట్టేవారు. ఆపిన డబ్బు జేబులో వేసుకోలేదు, యుద్ధ బాధితులకీ ఇల్లులేని వాళ్లకీ ఆసరాగా నిలిచే సంస్థలకి ఇచ్చేసేవారు. 1989లో పన్నుల శాఖ వాళ్ల ఇల్లు జప్తు చేసింది. ఇంటి కింది నేల ఒక సామూహిక భూ ట్రస్టుది కాబట్టి ప్రభుత్వం తీసుకోగలిగింది గోడలనూ కప్పునూ మాత్రమే. ఆ ఏడు జరిగిన వేలంలో డబ్బు పాట పాడేవాళ్లు లేక ప్రభుత్వమే దాన్ని తన పేర రాసుకుంది. అంతకు అరవై ఏడేళ్ల ముందు గుంటూరు జిల్లా అధికారులు తిన్న దెబ్బ లాంటిదే ఇదీ. 1991 డిసెంబరులో అధికారులు ఇంట్లోకి వచ్చారు. ఖాళీ చేయనన్న రాండీని జైల్లో పెట్టారు. మిత్రులు వంతులవారీగా ఆ ఇంట్లో కూర్చున్నారు. వాళ్లనీ అరెస్టు చేశారు.

1992 ఫిబ్రవరిలో రెండో వేలం జరిగింది. ఈసారి పాడినవాళ్లు ఉన్నారు. ఇల్లు కొనుక్కునే స్తోమత లేని ఒక యువ జంట 5,400 డాలర్లకి దాన్ని దక్కించుకుంది. ఇంటి బయట నెలల తరబడి నిరసన సాగింది. లోపల కొత్త కుటుంబం, బయట పాత కుటుంబం మిత్రులు. ఇద్దరూ సామాన్యులే. యుద్ధానికి ఎదురు నిలిచినవాళ్ల ముందు చివరికి మిగిలింది గూడు కోసం వచ్చిన మరో పేద జంట. 1997లో ఈ ఘటన మీద 'యాన్ యాక్ట్ ఆఫ్ కాన్షెన్స్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. మనస్సాక్షి మూల్యం ఒక్కోసారి ఊహించని చోట, ఊహించని మనుషుల మీద పడుతుందని ఈ కథ చెబుతుంది. ఆ నొప్పిని దాటేసి వీళ్లను పొగడడం న్యాయం కాదు.

నోటీసు నుంచి జప్తు దాకా

ఇప్పుడు అమెరికాలో ఈ పని చేసేవాళ్లు ఏం చేస్తారు? గడువు ఏప్రిల్ 15. కొందరు నిజాయితీగా రిటర్ను దాఖలు చేసి, కట్టాల్సిన దాంట్లో కొంతో మొత్తమో ఆపి, ఉత్తరం జతచేస్తారు. కొందరు రిటర్ను ఫారం నంబరు 1040 పేరు మీద 10 డాలర్ల 40 సెంట్లు మాత్రమే గుర్తుగా ఆపుతారు. కొందరు పన్నే పడనంత తక్కువ ఆదాయంతో బతుకుతారు. నెల్సన్ దంపతులు 1974లో మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్‌కి వెళ్లి చేసింది అదే. పాత కలపతో కట్టుకున్న ఇల్లు, కరెంటు లేదు, కుళాయి లేదు. కూరగాయలు పండించి సంతలో అమ్మేవారు. చాలా ఏళ్లు ఆ బతుకే బతికారు. వాలీ 2002లో, జువానిటా 2015లో చనిపోయారు. ఈ మార్గంలో నేరమంటూ ఏమీ లేదు, ఎందుకంటే కట్టాల్సిన పన్నే లేదు. మాటకి తగ్గట్టు జీవితాన్ని కుదించుకోవడానికి సిద్ధపడాలి, అంతే.

పన్ను ఆపినవాళ్లకి ముందు ఉత్తరాలొస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి, స్వరం పెంచుకుంటూ. బకాయి మీద నెలకి అర శాతం చొప్పున, మొత్తం 25 శాతం దాకా జరిమానా పడుతుంది. వడ్డీ అదనం. చివరి నోటీసు వచ్చాక వినతి చేసుకోవడానికి 30 రోజులు. ఆ తర్వాత బ్యాంకు ఖాతాలోంచి లాక్కోవచ్చు, కంపెనీకి రాసి జీతంలోంచి లాక్కోవచ్చు. వసూలుకి ప్రభుత్వానికి పదేళ్ల గడువుంది. నిజం చెప్పి ఆపినవాళ్లు జైలుకి వెళ్లడం అరుదు. వడ్డీతో కట్టడమే ఎక్కువ. అందుకే ఆపిన డబ్బును కొందరు ఉమ్మడి నిధుల్లో దాస్తారు. దాని మీద వచ్చే రాబడి ఊరి అవసరాలకి పోతుంది. జప్తు జరిగితే దాచుకున్నవాళ్లు తమ సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు.

1982లో అర్థంలేని వాదనతో రిటర్ను వేస్తే 500 డాలర్ల జరిమానా అని చట్టం వచ్చింది. మనస్సాక్షి పేరుతో రాసిన ఉత్తరాలనూ ఆ లెక్కలోనే వేశారు. దానికి నిరసనగా కార్ల్ మేయర్ 1984లో రోజుకొకటి చొప్పున ఏడాదంతా రిటర్నులు వేశారు. ప్రభుత్వం 1,40,000 డాలర్ల జరిమానా విధించి, చివరికి ఆయన పాత బండిని పట్టుకుపోయింది. 2006లో ఆ జరిమానాను 5,000 డాలర్లకు పెంచారు.

వీసా మీద బతికే మన పిల్లలకి ఈ దారి ఎంత ఖరీదైనదో వేరే చెప్పక్కర్లేదు. ఇండియాలోనైనా, అమెరికాలోనైనా కట్టాల్సిన పన్ను ఆపడం చట్టవిరుద్ధమే. ఈ కథనం ఎవరినీ ఆపమని చెప్పడానికి కాదు.

అందరూ ఆపేస్తే?

ఇక్కడో గట్టి ప్రశ్న ఉంది. యుద్ధం నచ్చనివాడు కొంత ఆపితే, పేదల పింఛను నచ్చనివాడు ఇంకొంత ఆపడా? సర్కారు బడి నచ్చనివాడు, టీకాలు నచ్చనివాడు తమ వాటా ఆపరా? 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఈ మాటే అంది. యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ లీ కేసులో ఆమిష్ మతస్తుడైన ఒక యజమాని సామాజిక భద్రత పన్ను కట్టడం తన విశ్వాసానికి విరుద్ధమన్నాడు. కోర్టు ఆ విశ్వాసాన్ని శంకించలేదు. కానీ ఖర్చుపెట్టే తీరు నచ్చలేదని ఎవరికి వాళ్లు పన్ను ఆపుకుంటూ పోతే వ్యవస్థే నడవదంది. యుద్ధానికి పోయే వాటాను ఉదాహరణగా చెప్పి మరీ అంది.

ఈ వాదనకి బలముంది. మన ఊరి పీహెచ్‌సీలో మందులూ, బస్సు తిరిగే రోడ్డూ, పిల్లల మధ్యాహ్న భోజనమూ పన్ను డబ్బే. కాబట్టి కోపమొచ్చిందని ఆపడం నిరసన అనిపించుకోదు. నాకు తోచినంతలో మూడు పరీక్షలున్నాయి. లెక్క దాచకుండా చెప్పాడా? ఆపిన డబ్బు తన సుఖానికి కాక పదిమందికి పెట్టాడా? వచ్చే శిక్షను తనే మోశాడా? నెల్సన్లు, బ్రామ్లీ, కోల్‌రైన్ దంపతులు ఈ మూడింట్లోనూ నెగ్గారు. ఆదాయపు పన్ను చట్టమే చెల్లదని కోర్టుల చుట్టూ తిరిగి, జనానికి ఆ చిట్కాలు అమ్ముకున్నవాళ్లు అమెరికాలో వేరే ఉన్నారు. వాళ్లు మొదటి మెట్టు మీదే ఆగిపోయారు. తమ జేబు కోసం చేసిన పనికి ధర్మం పేరు పెట్టుకున్నారు.

అలా అని కోర్టు చెప్పిందానితో ప్రశ్న ముగిసిపోలేదు. యుద్ధంలో చంపలేనన్న మనిషిని నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయించడం అమెరికా చట్టానికి కొత్త కాదు. అతని శరీరానికి ఇచ్చిన ఆ మినహాయింపు అతని డబ్బుకి లేదు. 1973లో నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవడం ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ నిర్బంధంగా సైన్యంలో చేరేది పౌరుల డబ్బే. ఈ తేడాను సరిచేయాలని 1972లోనే రాన్ డెల్లమ్స్ కాంగ్రెస్‌లో శాంతి పన్ను నిధి బిల్లు పెట్టారు. ఆ బిల్లు ప్రకారం మనస్సాక్షి ఒప్పుకోనివాళ్లు కూడా పన్ను పైసాతో సహా కడతారు. ఆ డబ్బు మాత్రం సైన్యేతర ఖర్చులకే వెళ్లే ఖాతాలో పడుతుంది. తర్వాత పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ కూడా ఆ బిల్లును ఎన్నోసార్లు ప్రవేశపెట్టారు. అది ఇప్పటికీ చట్టం కాలేదు. ఒక ఖాతాలో తగ్గించినా ఇంకో ఖాతాలోంచి తెచ్చి పోస్తారు, సైన్యానికి ఒక్క డాలరూ తగ్గదు అంటారు విమర్శకులు. నిజమే. కానీ యుద్ధానికి వెళ్లనన్నవాడి బదులు ఇంకొకడు వెళ్లేవాడు. అయినా వెళ్లనన్నవాడి మాటకి చట్టం విలువ ఇచ్చింది.

గాజా యుద్ధంతో ఈ చర్చ మళ్లీ రాజుకుంది. 2024 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో పన్ను చెల్లింపుదారులు కొందరు, ఆయుధ సాయానికి ఓటేసిన తమ కాంగ్రెస్ సభ్యుల మీదే దావా వేశారు. కోర్టు కొట్టేసింది. ఆ దావా పన్ను ఆపడం కాదు, కట్టిన పన్ను గురించి అడగడం. అడగడం కూడా ఈ సంప్రదాయంలో భాగమే.

మనకి మిగిలే పాఠం పన్ను ఆపడం కాదు. పెదనందిపాడు రైతుకి ఊరంతా తోడుంది కాబట్టి అతను సర్కారును ఆపగలిగాడు. జీతగాడికి ఆ తోడు లేదు, ఆ వ్యవధీ లేదు. అతని వాటా టీడీఎస్ పత్రంలో ఒక అంకెగా మాత్రమే కనబడుతుంది. ఆ అంకెని చూసి రిఫండు ఎంత వస్తుందన్నది తప్ప ఇంకేమీ అడగకపోతే, ఆ డబ్బు చేసే మంచిలోనూ చెడులోనూ మనకి నోరు లేనట్టే. బడ్జెట్ చదవాలి, మన నియోజకవర్గానికి ఏమొచ్చిందో అడగాలి, మన పేరు మీద జరిగే పని నచ్చకపోతే నచ్చలేదని సంతకం పెట్టి చెప్పాలి. బాహాటంగా పన్ను ఆపినవాళ్లు ఇల్లు పోగొట్టుకుని, జైలుకెళ్లి నిలబెట్టిన విలువ ఇదే: నా డబ్బు చేసే పనికి నేనూ జవాబుదారీనే. పన్ను కట్టేవాళ్లం దాన్ని నిలబెట్టుకోవడానికి జైలుకి వెళ్లనక్కర్లేదు. నోరు విప్పితే చాలు.